వేవిళ్ల కళ్లజోడు

"అంట్లు నేను తోముకుంటాలేమ్మా, నువ్వు కూచో" అని అత్త వసంతమ్మ అన్నప్పుడు నమ్రతకు భయమేసింది. పెళ్లయిన ఐదేళ్లలో ఆమెను కూచోమన్నది పెళ్లి ఫొటోగ్రాఫరు ఒక్కడే.

కారణం వాంతులు. పావగడ సోలార్ పార్కులో కొత్తవాళ్లకు పని నేర్పడానికి తలకు తగిలించుకునే కళ్లజోడు తెప్పించారు. పెట్టుకుంటే ఎండలో నిలబడకుండానే ప్యానెళ్ల వరసలు కనిపిస్తాయి. అందులో అవి వంకరగా కనపడకుండా చూడటం నమ్రత ఉద్యోగం. లోపలి అద్దం బొమ్మను ఒకవైపు వంచుతుంది కాబట్టి కంప్యూటర్లో ముందే దాన్ని ఎదురువైపు వంచి పెట్టాలి. అప్పుడు చూసేవాళ్లకు అంతా తిన్నగా ఉన్నట్టుంటుంది. అత్తింట్లో రోజూ చేసే పనే కాబట్టి ఆమెకు తొందరగా వచ్చేసింది.

కానీ ఆ లెక్క మగవాళ్ల కళ్ల ఎడానికి కట్టింది. నమ్రత కళ్లు దగ్గర దగ్గర. వరసలు పాముల్లా కదిలేవి. సాయంత్రం బస్సు దిగగానే వాంతి. ఇంజనీరు ప్రమోద్‌కు చెబితే, "అందరికీ సరిపోయింది కదా మేడమ్" అన్నాడు. అందరూ అంటే ఆయన, ఇంకో ఇద్దరు మగవాళ్లు.

ఇంట్లో మాత్రం పండగ. "నెల తప్పలేదత్తా" అని చెప్పి చూసింది. "నీకేం తెలుసు, ఊరుకో" అన్నాడు మొగుడు పునీత్. బజార్లో అప్పటికే స్వీట్లు పంచేసినాడు, పేరు కూడా అనుకున్నాడు. పచ్చిమామిడి వచ్చింది. కాఫీ మంచం దగ్గరికే వచ్చింది. ఇట్లాగే కక్కుతూ ఉంటే హాయిగా బతికేయొచ్చు కదా అని ఒక మధ్యాహ్నం నిజంగానే ఆలోచించింది. ఆ ఆలోచన వాంతికన్నా చేదుగా తగిలింది. మరునాడు అద్దం ముందు నిలబడి, రెండు కంటిపాపల మధ్య దూరం స్కేలుతో కొలుచుకుంది. ఆఫీసులో ఆ కొలతతో బొమ్మను మళ్లీ సరిచేసింది. వరసలు తిన్నగా నిలబడ్డాయి. వాంతులు ఆగిపోయాయి.

వాంతులూ లేక, కడుపూ కనపడక, కొన్నాళ్లకు వసంతమ్మ ఏడుపు మొదలుపెట్టింది. "ఆ మిషనే తినేసిందప్పా నా మనవణ్ని." లేని బిడ్డ మగబిడ్డ అని తేలిపోయింది. చంపిందెవరో కూడా తేలిపోయింది. పునీత్ నమ్రత మొహం చూడకుండా, "రేపట్నుంచి పోవద్దు. ఇంట్లో ఉండింటే ఇట్లయ్యేది కాదు" అన్నాడు. అంట్లు మళ్లీ నమ్రత దగ్గరికి వచ్చాయి.

పొద్దున ఆమె వాటిని ముట్టుకోలేదు. స్కేలు సంచిలో వేసుకుని చెప్పులు తొడుక్కుంది. వసంతమ్మ గడపకు అడ్డంగా నిలబడింది. "ఇంత జరిగినా మళ్లా ఆడికేనా?"

"అవునత్తా. మీకు మనవడు పోయినాడు, నాకు తల తిరుగుడు పోయింది. కొంచెం జరగండి, బస్సొచ్చే టైమయింది."