చీపురుపుల్లంత దీపం

"టార్చి కొంచెం కిందికి. ఇంగా కిందికి. ఆఁ, గమ్మున పట్టుకో."

పంకజాక్షి ఊపిరి బిగబట్టి టార్చి పట్టుకుంది. వంటింట్లో కుక్కరు అప్పటికి నాలుగు కూతలు కూసింది, అయినా ఆమె కదల్లేదు. చీకటి నడవలో పాత దుప్పటి పరిచి, దాని మీద నాలుగిళ్ళ అవతలి రేవతి కంప్యూటరు మానిటరును బోర్లా పడుకోబెట్టి, వెనక డిప్ప ఊడదీసి కూర్చున్నాడు గంగాధరం. బనీను చెమటకు వీపుకు అంటుకుపోయింది. కళ్ళద్దాలు జారిపోకుండా చెవుల వెనక నల్లదారం కట్టుకున్నాడు. కుడిచేతిలో స్క్రూడ్రైవరు, ఆ చేతి మణికట్టును గట్టిగా పట్టుకుని ఎడమచెయ్యి.

ఆ కుడిచెయ్యే ఈ ఇంటికి వచ్చిన కష్టం. ముప్పై ఏళ్ళు తిరుపతిలో ఒక టీవీ షాపులో మెకానిక్కు గంగాధరం. చంద్రగిరి నుంచి పొద్దున బస్సెక్కి పోవడం, దీపాలు పెట్టేవేళకు రావడం, అంతే ఆయన బతుకు. పేరుమోసిన మనిషేం కాదు. ఊళ్ళో ఎవరింట టీవీ ఆగినా గంగాధరాన్ని పిలవండి అనేవాళ్ళు, బాగయ్యాక మళ్ళీ ఆగేదాకా మరిచిపోయేవాళ్ళు. జూన్‌లో పక్షవాతం వచ్చింది. కాలు సర్దుకుంది, మాట సర్దుకుంది, చెయ్యి మాత్రం వణుకుతూ ఉండిపోయింది. షాపువాళ్ళు మర్యాదగానే ఇంటికి పంపేశారు.

ఆ రోజు నుంచి గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. ముప్పై మూడేళ్ళ కాపరంలో కూరకు ఏదో ఒక వంక పెట్టకుండా లేచిన మనిషి కాదు. అలాంటివాడు ఒకనాడు ఉప్పే వెయ్యని పప్పు మాట్లాడకుండా తిని లేచేసరికి పంకజాక్షికి భయం పుట్టింది.

ఆ సాయంత్రమే రేవతి దగ్గరకు పోయింది. రేవతి ఇంట్లోనే కంప్యూటరు పెట్టుకుని పెళ్ళిపత్రికలు తయారుచేసి ప్రెస్సుకు ఇస్తుంది. కొత్త మానిటరు కొని, పాడైన పాతదాన్ని అటకెక్కించింది. "దాన్ని తెచ్చి మీ మామకియ్యి తల్లీ. పని ఆగిపోయినాదని చెప్పు. కొత్తది కొన్న సంగతి మాత్రం నోరు జారొద్దు" అని పంకజాక్షి ఆమె చేతులు పట్టుకుంది. మర్నాడు రేవతి వచ్చి, మానిటరు లేక తన పత్రికలెలా ఆగిపోయాయో చెబుతుంటే పంకజాక్షికే అయ్యో పాపం అనిపించింది. పిల్ల గట్టిదే!

ఆ మానిటరు ఆన్ చేస్తే రెండు క్షణాలు వెలిగి ఆరిపోతుంది. నల్లబడిన తెర మీద టార్చి వేస్తే మాత్రం అక్షరాలు లీలగా కనబడతాయి. "బొమ్మ యాడికీ పోలేదే. యనక దీపం పోయినాది" అన్నాడు గంగాధరం, మూడు నెలల తర్వాత మొదటిసారి లేచి కూర్చుని. ఆ దీపం చీపురుపుల్లంత సన్నటి గాజుగొట్టం. మద్రాసులో ఉన్న పాత స్నేహితుడు వెతికి వెతికి ఒకే ఒకటి పంపాడు. అది విరిగిందంటే ఈ మనిషి మళ్ళీ గోడవైపు తిరుగుతాడు, ఇక ఇటు తిరగడు. పంకజాక్షికి ఆ సంగతి బాగా తెలుసు.

పాత గొట్టం బయటికొచ్చేసరికి పదకొండైంది. సరిగ్గా అప్పుడే దిగాడు పైవీధి ఆదిమూలం, కొడుకు పెళ్ళికి పిలవడానికి.

"సూడు గంగాధరం, పత్రిక ఎంత బాగుండాదో! మన రేవతే చేసిచ్చినాది. నెల కిందట కొత్త మానిటరు కొనింది కదా, దాంట్లో రంగులు ఉన్నవి ఉన్నట్టే తెలుస్తాయంట."

గంగాధరం పత్రికను రెండు చేతులతో అందుకున్నాడు. "బాగుండాదప్పా. వస్తాము" అన్నాడు. ఆదిమూలం కాఫీ తాగి, వంటవాళ్ళ గురించీ మండపం గురించీ అరగంట చెప్పి, పంచె దులుపుకుని పోయాడు మహానుభావుడు.

"నెలయిందంట" అన్నాడు గంగాధరం.

ఆమె ఆదిమూలం తాగిన గ్లాసు తీయడానికి వంగింది.

"అయితే ఇది ఎవురికీ అక్కర్లేని సరుకు. నాకు ఆడుకునేదానికి తెచ్చిచ్చినావు. నేనేమన్నా చంటిపిల్లోడినా?"

ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి పంకజాక్షికి. "ఏం చేసేది మరి? పొద్దస్తమానం గోడను సూస్తా పడుకుంటివి. ఇంట్లో నేనొకదాన్ని ఉండానని కూడా మరిస్తివి. ఈ మూడు నెల్లూ నువ్వు ఉండీ లేనట్టే ఉండాది నాకు! రేవతినే కాదు, ఎవురినైనా బతిమాలతా, ఇంగా బతిమాలతా!"

గంగాధరం దూదిలో పెట్టిన కొత్త గొట్టం వైపు చూస్తూ కూర్చున్నాడు. విసిరికొడతాడేమో, కొట్టనీ, అనుకుంది ఆమె.

"ఎవురికి కావాల్నో వద్దో నాకెందుకు. దీపమైతే పోయినాది కదా" అన్నాడు చివరికి. "టార్చి పట్టు."

వైరు అతికించడానికి మూడుసార్లు ప్రయత్నించాడు. రెండుసార్లు చెయ్యి మొరాయించింది. మూడోసారి సీసం కరిగి బొట్టుగా నిలిచింది. గొట్టాన్ని గాడిలోకి జార్చి, తెర వెనకుండే పల్చటి తెల్లటి రేకులను ఒకదాని మీద ఒకటి పేర్చి, అంతా బిగించేసరికి రెండు దాటింది. తన పాత కంప్యూటరుకు తగిలించి స్విచ్ వేశాడు. తెర తెల్లగా వెలిగింది. ఒకటి, రెండు, మూడు... పంకజాక్షి పది దాకా లెక్కపెట్టి ఆపేసింది. ఆరలేదు!

"సీ!" అన్నాడు గంగాధరం. ఎడమవైపు కిందిమూలలో బూడిదరంగు మచ్చ. "లోపలి రేకు మీద వేలు పెట్టేసినా. ముప్పై ఏండ్లలో ఇట్టా ఎప్పుడూ చెయ్యలేదే."

"పోనీలే, ఎవురు సూస్తారు?"

"నేను సూడనా? రేపు మళ్ళీ విప్పి తుడిచి, ఆపైన రేవతికిస్తా."

ఆ పూట అన్నం తింటూ పప్పులో ఉప్పు ఎక్కువైందని గొణిగాడు. పంకజాక్షి కళ్ళు తుడుచుకుని ఇంకో గరిటెడు వడ్డించింది. తిన్నాక కాసేపు నడుం వాలుస్తానన్నాడు.

నాలుగింటికి కాఫీ తెచ్చి రెండుసార్లు పిలిచింది. చెయ్యి పట్టుకుని కదిపింది. చల్లగా ఉంది. వణుకు లేదు.

పెద్దకర్మ అయిన మూడోనాడు రేవతి వచ్చింది. మానిటరు ముందు కూర్చుని స్విచ్ వేసింది. మచ్చ కనబడి, కొంగుతో రుద్దింది. పోలేదు.

"లోపల ఉండాది అత్తా. తిరుపతిలో ఇచ్చి తుడిపిస్తా."

"వద్దు."

"మామకు తెలీనే లేదు కదా, కొత్తది కొన్న సంగతి?"

"తెలిసింది. తెలిసే చేసినాడు" అంది పంకజాక్షి.

రేవతి తెర మీది నుంచి చెయ్యి తీసేసింది. తెల్లటి వెలుగులో ఆ వేలిముద్ర గీత గీతా విడివిడిగా కనబడుతోంది.