ముక్కు కొలత

స్టీలు ట్రేలో ఇప్పపూలు.

అడవి పల్లె నుంచి వచ్చిన సోమి అవ్వ ఆకుదొన్నెలో తెచ్చింది. పోయడానికి ఇంకేమీ కనబడక, పళ్ళ డాక్టరు కరుణశ్రీ వాటిని పనిముట్ల ట్రేలో పోసింది. సరిహద్దు అవతల సుక్మా బజారులోని ఆ ఇరుకు క్లినిక్ అంతా తియ్యటి వాసన… తలనొప్పి తెచ్చే వాసన.

తలనొప్పికి పూలొక్కటే కారణం కాదు.

సోమికి ముందరి పళ్ళు కావాలి. ఉన్నవన్నీ ఊడి రెండు వానాకాలాలు గడిచాయి. అప్పటినుంచీ ఆమె గోడవైపు తిరిగి తింటోంది. అదే జావ, అదే చింతచిగురు… మొగుడు హిడ్మా మాత్రం ఆమె వీపు చూస్తూ తింటున్నాడు.

"ఆయన దిక్కు తిరిగి తినాలె డాక్టరమ్మా," అంది మొదటి రోజే. "గంతే."

గంతే!

ఎంత చిన్న కోరిక. ఎంత పెద్ద తలపోటు.

పెట్టుడు పళ్ళు ఎంత వెడల్పుండాలో ముఖమే చెబుతుందని పుస్తకం చెబుతుంది. పళ్ళున్నప్పటి ఫొటో ఉంటే ఈ గొడవే లేదు. ఉన్నదొక్కటే ఫొటో, ఆధార్ కార్డు మీద. అందులో పెదవులు బిగించి ఉంది.

సరే, కొలిచింది.

కళ్ళ మధ్య దూరం కొలిచింది. చిన్న పళ్ళు పెట్టమంది కొలత.

చెంప ఎముకల వెడల్పు కొలిచింది. పెద్ద పళ్ళు పెట్టమంది కొలత.

ఒకే ముఖం — రెండు మాటలు.

ఇక ముక్కు తేల్చాలి. ముక్కుకేమో రెండు వైపులా ముక్కుపుల్లలు. రేకులు విప్పుకున్న బంగారు పూలు. కొలిచే కాలిపర్ ముక్కు అంచున ఆనదు. జారిపోతుంది. మళ్ళీ పెడితే మళ్ళీ జారుతుంది.

"ఒక్కసారి తీసి ఇయ్యి అవ్వా. కొలిచి ఇచ్చేస్తాను."

"తీయను."

"తీస్తే ఏటవుద్ది?" కరుణశ్రీది కిరండూల్ రైలు లైన్లో పనికొచ్చి స్థిరపడ్డ రైల్వే కుటుంబం. విసుగొస్తే తండ్రిగారి శ్రీకాకుళం యాస నోట్లోకి వచ్చేస్తుంది.

"మొగడు బతికుండంగ తీయరు మా దిక్కు."

పళ్ళకు ముక్కు. ముక్కుకు మొగుడి ప్రాణం. బోడిగుండుకూ మోకాలికీ ముడి.

తెలుగులో చెప్పింది. హిందీలో చెప్పింది. వచ్చీరాని గోండిలో కూడా చెప్పింది. సోమి అన్నిటికీ తల ఊపింది. చెయ్యి మాత్రం ముక్కు దాకా పోలేదు.

"ఆయన్ని అడుగు," అంది చివరికి. "నా పండ్లు ఎట్లుండెనో ఆయనకు ఎరుక."

"మీ ఆయన నోటిమాట మీద పళ్ళు పెడతారేటి? కొలత ఉండాలి కదా."

"ఆయనకు ఎరుక."

హిడ్మా అక్కడ లేడు. కిష్టారం వైపు తమ ఊరికి బస్సు ఉందో లేదో కనుక్కోవడానికి బస్టాండుకు వెళ్ళాడు. బయట ఎండ. లోపల ఫ్యాను తిరగడం లేదు. పూల వాసన… ఆ వాసన…

"అయితే గోడవైపే తిరిగి తిను," అనేసింది కరుణశ్రీ.

అన్నాక నాలుక కరుచుకుంది. ఏం లాభం.

సోమి తన చేతులు చూసుకుంది. తర్వాత ఒక పుల్ల తీసింది. రెండోదీ తీసింది. ఎక్కడ పెట్టాలో తెలియక ట్రేలో, పూల మీద పెట్టింది.

కరుణశ్రీ గబగబా కొలిచింది.

ముక్కు మూడో మాట చెప్పింది.

చిన్నవీ కాదు, పెద్దవీ కాదు. దేనితోనూ కలవని మూడో మాట. కాలిపర్ని గోడకేసి కొట్టాలనిపించింది కరుణశ్రీకి.

అప్పుడే తలుపు తెరుచుకుంది. "బస్సు నిలబడ్డది, నడువు," అంటూ వచ్చిన హిడ్మా ఆగిపోయాడు. సోమి ముఖం చూశాడు. ట్రే చూశాడు. మళ్ళీ ముఖం చూశాడు.

"నేను బతికే ఉన్న గదా," అన్నాడు.

గట్టిగా కూడా అనలేదు. వచ్చినవాడు వచ్చినట్టే బయటికి వెళ్ళిపోయాడు.

"పెట్టుకో అవ్వా. పెట్టేసుకో, నీకు దండం పెడతాను." పుల్లలు తీసి చేతికిచ్చింది కరుణశ్రీ. సోమి అందుకోలేదు. కొంగు ముక్కు మీదికి లాక్కుని, కుర్చీలోనే గోడవైపు తిరిగింది. కరుణశ్రీ పుల్లల్ని ఉన్నచోటే పెట్టేసింది.

చేతిలో మూడు కొలతలు. మూడూ దండగ.

సోమి పళ్ళు ఎలా ఉండేవో ఎరిగినవాడు ఒక్కడే. కిటికీలోంచి కనబడుతున్నాడు — బస్సు ఎక్కలేదు. అలాగని ఇటు తిరగనూ లేదు. అతని వీపే కనబడుతోంది.

డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

స్టీలు ట్రేలో ఇప్పపూలు… పూల మీద రెండు ముక్కుపుల్లలు.