హఫీజ్‌పేటలో ఎక్కే ఆవిడ

పద్మావతి రోజూ పొద్దున లింగంపల్లిలో పాసింజరు బండెక్కి నాంపల్లిలో ఆఫీసుకి వెళ్లేది. చందానగర్ దాటాక హఫీజ్‌పేటలో సుబ్బలక్ష్మి ఎక్కేది. ఇద్దరిదీ కోస్తా, ఇద్దరికీ యాభై దగ్గరపడ్డాయి. వదినగారూ అంటే వదినగారూ అనుకునేవాళ్లు. ఆ స్నేహమంతా ఆడవాళ్ల పెట్టెలోనే.

సుబ్బలక్ష్మి మాటలన్నీ కొడుకు శ్యామ్ గురించే. వాడికి వంకాయ గిట్టదు. పోయినేడు కొన్న చెప్పులు అప్పుడే పట్టడం లేదు. అది తొంభై ఎనిమిదో సంవత్సరం. మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య కంప్యూటర్ కంపెనీల కోసం గాజు మేడ లేస్తోంది. "ఇంటరయ్యాక కంప్యూటర్లు నేర్చుకుని అందులో చేరతాట్ట మావాడు," అని పెట్టెలో అందరికీ వినపడేలా చెప్పేది. పద్మావతి తన కొడుకు చదివేసిన ఇంటర్ పుస్తకాలిస్తే కళ్లకద్దుకుని తీసుకుంది.

వానలు మొదలయ్యాక ఆమె రావడం మానేసింది. కొన్నాళ్లు చూసి, ఒక సాయంత్రం తిరుగుబండిలో వస్తూ పద్మావతి హఫీజ్‌పేటలో దిగిపోయింది. ఇల్లెక్కడో ఎప్పుడూ అడగలేదని అప్పుడు తట్టింది. స్టేషను బయట టీ అమ్మే వీరేశాన్ని అడిగింది.

"సుబ్బలక్ష్మమ్మనా? మీకెర్క లేదా అమ్మా?" అన్నాడు వీరేశం. "గుండెనొప్పి వచ్చింది. దవాఖానకు తీస్కపోయేలోపే పాణం పోయింది. మదీనాగూడల ఇల్లు. జర ఆగుండ్రి, ఆటో మాట్లాడ్త."

తలుపు తీసింది ఆమె భర్త నరసింహమూర్తి. మాసిన గడ్డం. పద్మావతి తనెవరో చెప్పి, కూర్చుని కాసేపు ఏడ్చింది. కళ్లు తుడుచుకున్నాక అడిగింది.

"అబ్బాయి ఏడండీ? ఎలా ఉన్నాడు?"

"ఏ అబ్బాయి?"

"శ్యామ్ అండీ."

ఆయన వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"శ్యామ్ చిన్నప్పుడే పోయాడమ్మా. ఒకటో క్లాసులో ఉండగా మెదడువాపు జ్వరం వచ్చింది. ఆ తర్వాత ఈ ఇంట్లో వాడి పేరెత్తనిచ్చేది కాదు. నేనెత్తితే లేచి వెళ్లిపోయేది."

పద్మావతి లేచి వెళ్లిపోదామనుకుంది.

"వాడి గురించి మీకేం చెప్పేది తను?" అన్నాడాయన. "దాచకండమ్మా. చెప్పండి."

ఆమె చెప్పింది. వంకాయ గిట్టదని చెప్పగానే ఆయన తలూపాడు. "నిజమే. ఏరి పక్కన పెట్టేవాడు."

"మిమ్మల్ని మించి పొడుగయ్యాడనేది. మీ చొక్కాలు వేసుకుంటున్నాట్ట. పొద్దున్నే లేవడని, మీరు కోప్పడతారని..."

"నేనా? నేను కోప్పడతానందా?" ఆయన నవ్వబోయాడు. ఆ నవ్వు మధ్యలోనే విరిగిపోయింది. రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. "నాకూ చెప్పుంటే బావుండేది కదమ్మా. ఇద్దరం కలిసి పెంచుకునేవాళ్లం."

పద్మావతి గుర్తున్నవన్నీ చెప్పింది. కొన్ని ఆయన రెండోసారి అడిగి చెప్పించుకున్నాడు. వీధిలో దీపాలు వెలిగేదాకా ఆమె లేవలేదు.

మర్నాడు బండిలో సుబ్బలక్ష్మి పోయిందని చెబితే పెట్టె పెట్టంతా కంటతడి పెట్టుకుంది. రోజూ అదే పెట్టెలో వచ్చే టీచరు జయంతి, పద్మావతి దగ్గరికి జరిగి చెయ్యి పట్టుకుంది.

"పాపం, ఆ పిల్లాడు... ఇప్పుడెలా ఉన్నాడండీ?"

పద్మావతి ఆ చేతి మీద తన రెండో చెయ్యి వేసింది.

"వాళ్ల నాన్న దగ్గరున్నాడండీ," అంది.