దుప్పటి రెండో కొస

నాకు అక్షరాలు నడివయసు దాటాక వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ తప్పిపోతే మీరే సర్దుకుని చదవండి. ఒక్కో మాటా కూడబలుక్కుని రాసేదాన్ని, ఆలస్యానికీ ఏమీ అనుకోవద్దు. ఇది నా కథ కాదు. ఆసుపత్రి లాండ్రీలో దుప్పటి ఒక కొస నేను పట్టుకుంటే, రెండో కొస పట్టుకునే మనిషిది. తను చెప్పిందీ నేను చూసిందీ కలిపి రాస్తున్నాను.

ఆదివారం సాయంత్రం ఆమె మొగుడి తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. అత్తగారు మంచం మీంచే అంది: "కాలరు దగ్గర ఇంకాస్త నొక్కమ్మాయ్. రేపు వాడు పదిమందిలో నిలబడాలి."

నిలబడేది నా చోట్లోనే కదత్తయ్యా అని నోటిదాకా వచ్చింది. మింగేసి కాలరు నొక్కింది.

ఆ ఏడు ఊళ్ళో పనులన్నీ ఒక్కసారిగా పడిపోయాయి. వీధిలో సగం షట్టర్లు దించినవి దించినట్టే ఉండిపోయాయి. ఆమె మొగుడు చేసే ఫ్యాక్టరీ ముందు ఒక షిఫ్టు మూసింది, తర్వాత గేటే మూసింది. జబ్బులు మాత్రం ఆగవు కాబట్టి ఆసుపత్రి దుప్పట్లు ఆగలేదు. అయినా మేమంతా పిలిస్తే పని, పిలవకపోతే లేదు. పొద్దున్నే గేటు దగ్గర వరసగా నిలబడితే సూపర్‌వైజరు వేలు చూపించి "నువ్వు, నువ్వు" అనేవాడు. ఆ వేలు తన మీద ఆగుతుందో లేదోనని ఆమె ఏళ్ళ తరబడి ఊపిరి బిగబట్టి నిలబడింది. జ్వరమొచ్చిన రోజు కూడా బుగ్గలు రుద్దుకుని ఆరోగ్యంగా కనబడేది. అలాంటిది ఆ వారం, ఒకే ఒక్క చోటు ఖాయం చేస్తూ ఆమెను పిలిచారు. ఇక వేలు అక్కర్లేదు. నెల జీతం, జబ్బు చేస్తే సెలవు.

మా లాండ్రీలో పాతకాలం నుంచీ ఒక వాడుక ఉంది. ఖాయమైన మనిషి, చేరే రోజున, కావాలంటే ఇంట్లో ఇంకొకర్ని తన బదులు నిలబెట్టొచ్చు. ఇంతవరకూ ఏ మగాడూ తన చోటు పెళ్ళానికి ఇవ్వలేదు. ఇచ్చినవాళ్ళంతా ఆడవాళ్ళే. మొగుడికో, కొడుక్కో.

ఆ సంగతి ఆమె మొగుడికి ఎవరు చెప్పారో గానీ, అన్నం ముందు కూచునే మాట ఎత్తాడు. "నువ్వు ఇన్నాళ్ళు కష్టపడ్డావు. ఇక ఇంటిపట్టున సుఖంగా ఉండు."

సుఖం! ఆ మాట ఆమెలో చాలాసేపు తిరిగింది. ఇంటిపట్టున సుఖమంటే ఏమిటో ఆమెకు తెలీదా? తెల్లారకముందే లేచి వంట, అత్తగారికి వేడినీళ్ళు, గిన్నెలు, లాండ్రీ నుంచి వచ్చాక మళ్ళీ ఇంటి బట్టలు. పనిపోయినప్పటి నుంచీ ఆయన కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని దిగులుగా కూచున్నాడు. ఆ దిగులు నిజమే, ఆమెకు జాలీ వేసింది. కానీ అంత దిగులులోనూ తాగిన గ్లాసు కుర్చీ కిందే ఉండేది. అది తీసేదీ ఆమే. ఇంట్లో దుప్పటి మడవాలంటే ఒక కొస తలుపు గొళ్ళేనికి తగిలించి, రెండో కొస పట్టుకుని ఒక్కతే మడిచేది. ఇంకో ఇద్దరు మనుషులున్న గదిలో గొళ్ళెమే తోడు. లాండ్రీలో అలా కాదు. తను నడిస్తే ఎదుటిమనిషీ నడుస్తుంది, మధ్యలో నాలుగు చేతులు కలుస్తాయి. కలిసినప్పుడు ఒక నవ్వో, ఒక తిట్టో. ఆ నాలుగడుగుల నడక పోతే తనకు మిగిలేది గొళ్ళెం. ఇది ఎవరికి చెబుతుంది? చెబితే, "పనా, షికారా?" అని నవ్వరూ?

చొక్కా మడిచి కుర్చీ మీద పెట్టింది. ఇస్త్రీ చేసింది కాబట్టి ఒప్పుకుందని తల్లీకొడుకులు ధీమాగా పడుకున్నారు. పెళ్ళైన నాటి నుంచీ రోజూ చేస్తున్న పనిని ఆ ఒక్కరోజు ఒప్పుకోలు అనుకోవడమే వాళ్ళు చేసిన పొరపాటు.

సోమవారం ఆయన చొక్కా నలక్కుండా నడుచుకుంటూ వచ్చాడు. వెనకే ఆమె, పనిచీర కట్టుకుని. మేమందరం ఆవిరి మధ్య నిలబడి చూస్తున్నాం.

సూపర్‌వైజరు ఇద్దర్నీ చూసి, "ఓహో, అయ్యగారొచ్చారా. ఏమ్మా, ఇచ్చేస్తున్నట్టేనా?" అన్నాడు.

"ఆ చోటు నాదండీ. ఎవరికీ ఇవ్వడం లేదు."

మొగుడి ముఖం కందగడ్డైంది. "నలుగురిలో ఏంటే ఈ మాటలు? ఇంటికి పద, మాట్లాడుకుందాం."

"సాయంత్రం వస్తానుగా, అప్పుడు మాట్లాడుకుందాం. షిఫ్టు మొదలైంది."

"మరి ఇల్లెవరు చూస్తారు?"

"ఇంట్లో మీరున్నారుగా."

ఎవరో కిసుక్కున నవ్వారు. నేనే అనుకుంటా. సూపర్‌వైజరు తల గోక్కుని, "సరే, ఎవరైతేనేం, ఒకరికి వేలు చూపించే పని నాకు తగ్గింది" అని వెళ్ళిపోయాడు. మొగుడు తెల్లచొక్కాతోనే వెనక్కి తిరిగాడు. ఆమె నా ఎదురుగా వచ్చి దుప్పటి అందుకుంది. "గట్టిగా పట్టుకో అక్కా" అంది.

సాయంత్రం ఆమె ఇంటికెళ్ళేసరికి అత్తగారు గోడవైపు తిరిగి పడుకునుంది. పొయ్యి చల్లగా ఉంది. తీగ మీద దుప్పటి ఎండి బిర్రబిగుసుకుంది. ఆమె వంటింట్లోకి పోలేదు. దుప్పటి తెచ్చి, గొళ్ళెం దగ్గరికి వెళ్ళబోయి ఆగింది. ఒక కొస తీసుకెళ్ళి కిటికీ దగ్గర కూర్చున్న మొగుడి చేతిలో పెట్టింది. ఆయన లేచి నిలబడ్డాడు. కొస పట్టుకుని, ఆమె తన దాకా వస్తుందని ఎదురుచూస్తున్నాడు.

ఆమె తన కొసతో సగం గది నడిచి, అక్కడే ఆగింది.

"నా సగం అయిపోయింది. ఇక మీరు రండి."

రాసింది: లాండ్రీలో అందరూ పెద్దక్క అని పిలిచే నేను. వయసు యాభై ఏడు. ఉండేది లాండ్రీ వెనక సందులో, ఒంటిగదిలో. ఆదివారాలు తను వచ్చి నా దుప్పటి రెండో కొస పట్టుకుంటుంది.