ముడతలతో సహా

ఎడమ కంటి పక్కనున్న మూడో ముడత పడితే మిగతావన్నీ పడ్డట్టే, మొదటి రెండూ లోతైనవి కాబట్టి ఎలాగైనా వస్తాయి, మూడోది వెంట్రుకంత సన్నం, ఈత టీచరు నవ్వితే పుట్టి నవ్వాపగానే మాయమయ్యే ముడత, దాన్నిప్పుడు గుడ్డ మీద నిలబెట్టాలి, బావగారు ముదురు నీలం టీషర్టును బల్ల మీద పరిచి అరచేత్తో రెండుసార్లు నిమిరారు, చట్రానికి బిగించిన అచ్చు స్క్రీను దించారు, నా వంక చూడలేదు, పొద్దున్నుంచీ చూడలేదు, ఇది మూడోసారి కదా, రెండుసార్లు చెడగొట్టిన మనిషి వంక ఏం చూస్తారు, పైగా నేను ఆయన భార్యకు చెల్లెల్ని, తిట్టడానికి వీల్లేదు, మెచ్చుకోవడానికి కారణం లేదు, అందుకే పదకొండేళ్ళుగా ఈ ప్రింటింగు షాపులో మా మధ్య మాటలన్నీ సైజుల గురించే, మీడియం ఎన్ని, లార్జి ఎన్ని, వీపు మీద అంకె ఎంత ఎత్తుండాలి, అంతే, ఎందుకంటే కంప్యూటరు ముందు కూర్చుని అక్షరాలు పేర్చడమే నా పని, ఆటగాళ్ళ పేర్లు, జట్ల పేర్లు, ఎవరి ముఖమైనా వేయాల్సొస్తే బయటి డిజైనరు చేసి పంపేవాడు, నేను ఆ ఫైలు తెరిచి కింద పేరు పెట్టి మూసేసేదాన్ని, అందరూ నన్ను అక్షరాల చిన్ని అంటారు, నలభై మూడేళ్ళొచ్చినా చిన్నినే, అక్క పెట్టిన పేరు, అక్క కంటే ఎప్పటికీ నాలుగేళ్ళు చిన్నే కాబట్టి అది మారదు.

ఈత టీచరు ఆ డిజైనరు చేసిన ముఖాన్ని తిప్పికొట్టకపోతే నేనివాళ ఈ బల్ల పక్కన గుప్పిళ్ళు బిగించుకుని నిలబడేదాన్నే కాదు, అరవై మూడేళ్ళ మనిషి, పొట్టి జుట్టు, వెడల్పాటి భుజాలు, కుర్చీ వేస్తే కూర్చోలేదు, నమూనా చొక్కా పట్టుకుని కిటికీ దగ్గరికెళ్ళి తిప్పి తిప్పి చూసి ఎవరమ్మా ఈ పిల్ల అంది, నా ఫోటో ఇచ్చాననుకున్నాను, మా అమ్మాయిది ఇచ్చానా ఏంటి, ఆవిడ దగ్గర ఈత నేర్చుకుంటూ వెంట వచ్చిన బ్యాంకావిడ నవ్వాపుకోలేకపోయింది, నిజమే మరి, డిజైనరు ముడతలన్నీ చెరిపేసి జుట్టు నల్లబరిచి చుట్టూ గీత గీసి పంపాడు, ఫోన్ చేసి అడిగితే ఒక్క తెల్ల ఇంకుతో ఇంతకన్నా రాదండీ అన్నాడు, ఆడవాళ్ళు వయసు కనబడితే ఒప్పుకోరు కదా అని కూడా అన్నాడు, బ్యాంకావిడేమో పోనీ పతకం పట్టుకున్న ఫోటో ఉంది, అది ముందునుంచి తీసింది, నున్నగా ఉంటుంది, అదిద్దామంది, టీచరు తల అడ్డంగా ఊపింది, అలాంటివాటన్నిట్లో ఫోటో తీసేవాడు నవ్వమంటే నవ్వాను, ఇది ఎవరూ అడక్కుండా నవ్వింది, రెండేళ్ళ కిందట జలాశయం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి తొమ్మిది కిలోమీటర్లు ఈదుదామని దిగితే ఇంక ఒక్క కిలోమీటరుందనగా చేతులు మొరాయించాయి, పడవలోకి లాగేశారు, అప్పుడు తీసిందిది, ఓడిపోయి వగరుస్తూ కూడా ఇంత నవ్వొచ్చిందంటే మళ్ళీ దిగుతానని నాకు ఆ పడవలోనే తెలుసు, ఈ ఆదివారం దిగుతున్నాను, నా దగ్గర ఈత నేర్చుకున్న ఇరవై ఆరుగురూ ఈ నవ్వు వేసుకునే ఒడ్డున నిలబడాలి, అంది.

ఇరవై ఆరుగురూ యాభై దాటాక నీళ్ళలో దిగినవాళ్ళే అని బ్యాంకావిడ చెబుతోంది, నేను ఫోటోనే చూస్తున్నాను, తడి జుట్టు నుదుటికి అతుక్కుని, కళ్ళు సగం మూసుకుపోయి, పక్క పన్ను ఒకటి వంకరగా, గడ్డం చివర జారబోయే నీళ్ళచుక్క, అదొక మనిషి ముఖం అంటే, బావగారు గొంతు సవరించుకున్నారు, ఆర్డరు వదులుకుంటామని చెప్పేముందు ఆయన గొంతు అలాగే సవరించుకుంటారు, అప్పుడు నేను చూస్తానండీ అని ఎవరో అన్నారు, ఆ అన్నది నేనే, బావగారు నా వంక చూశారు, టీచరు మాత్రం అప్పుడే నిర్ణయం అయిపోయినట్టు శుక్రవారం మధ్యాహ్నం వస్తాను అని వెళ్ళిపోయింది.

ఊరికే అనలేదు, హాఫ్‌టోన్ సంగతి నాకు తెలుసు, పాత దినపత్రికలో ఫోటోని భూతద్దంతో చూస్తే అంతా చుక్కలే, పెద్ద చుక్కలు దగ్గరగా ఉన్నచోట ముదురు, చిన్న చుక్కలున్నచోట లేత, కొంచెం దూరం నుంచి చూసే కంటికి అవి నీడలైపోతాయి, కంప్యూటరులో ఫోటోను అలా చుక్కలుగా విడగొట్టే పద్ధతి కూడా ఉంది, మధ్యాహ్నం అన్నం తిన్నాక అందరూ కునికే వేళ నేనొక్కదాన్నే చేసి చూసుకునేదాన్ని, ఎవరికీ చూపించలేదు, ఎవరూ అడగలేదు, తెర మీద ముచ్చటగా వచ్చేది, తెర వేరు గుడ్డ వేరని మొదటి ప్రింటుతోనే తెలిసింది, ఎంత పప్పులో కాలేశానంటే, బొమ్మను నల్లగా అచ్చుతీసిన ప్లాస్టిక్ ఫిల్మును స్క్రీనుకి ఆనించి వెలుగు పెడితే, నల్లగా ఉన్నచోటే స్క్రీను తెరుచుకుంటుంది, తెరుచుకున్న చోటినుంచే ఇంకు దిగుతుంది, మాకున్నది తెల్ల ఇంకు, చొక్కా ముదురు నీలం, నేను ఫోటోలో వెలుగునీడల్ని తారుమారు చేయకుండా ఉన్నదున్నట్టు పంపాను, ఇంకేముంది, కనుపాపలు తెల్లగా, పళ్ళు నీలంగా, నీడలన్నీ వెలిగిపోతూ, దయ్యం నవ్వినట్టుంది, బావగారు ఆ చొక్కాను మడిచి చేతులు తుడుచుకునే గుడ్డల్లో పడేశారు, ఆయనేదో ఒకటి అనుంటే బాగుండేది.

రెండోసారి వెలుగును చీకటి చేసి చీకటిని వెలుగు చేసి పంపాను, మనిషి మనిషిలాగే వచ్చింది, కానీ చుక్కలు మరీ సన్నం పెట్టాను, సన్నగా ఉంటే నాజూగ్గా ఉంటుందనుకున్నాను, పెద్ద చుక్కల మధ్య సందులు పూడుకుపోయి బుగ్గలు పిండి పూసినట్టయ్యాయి, చిన్న చుక్కలు గుడ్డ మీదికి దిగనేలేదు, ముడతల అంచుల్లో ఉండాల్సినవి అవే, డిజైనరు చెరిపిన ముడతల్నే నేనూ చెరిపాను, వాడు కావాలని చెరిపాడు నేను తెలియక చెరిపాను, అదొక్కటే తేడా, అది చాలదన్నట్టు నుదుటి మీద చారలు, ఫోటోలో లేని చారలు, అలలు అలలుగా, అవి ఎక్కణ్ణుంచి వచ్చాయో ఆ దేవుడికే తెలియాలి, వెనక గదిలో స్క్రీను కడుగుతుంటే చెక్క గోడకి అవతల బావగారు అక్కతో అంటున్నారు, ఇంకొక్కసారి చూస్తాను, కాకపోతే ముఖాల పని మనం మానేద్దాం, చిన్ని అక్షరాలు చూసుకుంటుంది, దానికదే చాలు, అక్క ఏమంటుందా అని కుళాయి కట్టేసి నిలబడ్డాను, అక్క నా దగ్గరికే వచ్చి చేతికి తువ్వాలిచ్చి, నువ్వు చిన్నప్పుడు గడియారం విప్పి మళ్ళీ బిగించేదాకా అన్నం తినలేదు గుర్తుందా, ఇప్పుడు మాత్రం తినేసి చెయ్యి, అంది.

తిన్నాను, తింటూ కిటికీ వంక చూశాను, షాపు వెనకే ఉన్న అక్కావాళ్ళ వంటింటి కిటికీకి దోమలు రాకుండా జాలీ, దాని వెనక పల్చటి తెర, గాలికి తెర కదిలినప్పుడల్లా రెంటి మధ్యా అలలు పుడుతున్నాయి, పాములా జరుగుతున్నాయి, ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది, జాలీలో లేవు అలలు, తెరలో లేవు, రెండు నేతలూ ఒకదాని మీద ఒకటి పడ్డచోట పుడుతున్నాయి, మా స్క్రీను కూడా నేతే కదా, సన్నటి దారాలతో నేసిన గుడ్డే కదా, నా చుక్కల వరసలు దాని దారాల వరసల పక్కనే ఇంచుమించు అదే వాలులో నడిచాయి, అందుకే చారలు, చుక్కల వరసను కాస్త ఏటవాలుగా తిప్పితే, ఎంత తిప్పాలి, అక్కా ఆ తెర కొంచెం పట్టుకో, వంచు, ఇంకొంచెం వంచు, అక్క ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో తెర పట్టుకుని నీకేమైనా పిచ్చిపట్టిందా అంటూనే వంచింది, నిటారు గీతకీ మూల నుంచి మూలకి పోయే గీతకీ సరిగ్గా మధ్యకి రాగానే అలలు పోయాయి, కిటికీ కిటికీలా ఉంది, ఇరవై రెండున్నర డిగ్రీలు, నేను ఎంగిలి చేత్తోనే షాపుకి పరుగెత్తాను.

ఇక అక్కణ్ణుంచి ఊహించడం మానేశాను, ఊహించినవన్నీ చొక్కాలు చెడగొట్టాయి, గుడ్డనే అడుగుదామనుకున్నాను, చుక్కల్ని బాగా పెద్దవి చేసి అంగుళానికి నలభై అయిదు వరసలే పెట్టాను, ముఖం బదులు ఉత్త గళ్ళు గీశాను, మొదటి గడిలో ఆవగింజలో సగమంత కూడా లేని చుక్కలు, చివరి గడిలో దాదాపు ఒకదాన్నొకటి తాకే చుక్కలు, మధ్యలో మెట్లు మెట్లుగా, నిన్న పొద్దున్నే వచ్చి నా అంతట నేనే స్క్రీను కట్టి, పాడైన చొక్కా మీద ఆ గళ్ళు ఒత్తి, ఆరాక భూతద్దంతో కూర్చున్నాను, గడిలో నూటికి అయిదు పాళ్ళ కన్నా తక్కువ చోటు నింపేవి దిగలేదు, ఎనభై అయిదు దాటినవి కలిసిపోయాయి, యాభై అని పెట్టిన గడి గుడ్డ మీద డెబ్భైలా ఉబ్బింది, ఇంకు పాకుతుంది మరి, పాకడం దాని గుణం, ఎంత పాకుతుందో తెలిస్తే అంత ముందే తగ్గించుకోవచ్చు, తగ్గించాను, గడి గడికీ లెక్క చూసి తగ్గించాను, కంప్యూటరు తెర మీద టీచరు ముఖం జ్వరంపడి లేచినట్టు మసగ్గా తయారైంది, బావగారు వెనకనుంచి చూసి ఇంత చీకటిగా ఉందేంటమ్మా అన్నారు, గుడ్డ మీద తెల్లబడుతుంది బావగారూ అన్నాను, ఎలా చెప్పగలవు అన్నారు, గళ్ళ చొక్కా చూపించాను, ఆయన దాన్ని వెలుతురులోకి తీసుకెళ్ళి చాలాసేపు చూసి, సరే ఫిల్ము తియ్యి అన్నారు.

ఇదిగో, బావగారు స్క్రీను మీద ఇంకు ఈడ్చే రబ్బరు పలక, స్క్వీజీ, లాగుతున్నారు, తెల్ల ఇంకు ముద్ద ముందుకు దొర్లుతోంది, బరబరమని ఆ చప్పుడు పదకొండేళ్ళుగా వింటున్నదే, ఇవాళ నా పళ్ళ మధ్య నుంచి వినిపిస్తోంది, రెండోసారి లాగారు, స్క్రీను ఎత్తారు, ముందు గడ్డం కనబడింది, గడ్డం చివర నీళ్ళచుక్క, లోపల చిన్న మెరుపు, తర్వాత వంకర పన్ను, బుగ్గ బుగ్గలా గుండ్రంగా తిరిగింది, పిండి లేదు, నుదురు నున్నగా ఉంది, చారలు లేవు, తడి జుట్టు పాయలు పాయలుగా, కన్ను, కంటి పక్కన ఒకటి, రెండు, మూడు, మూడోది ఉంది, వెంట్రుకంత సన్నగా ఉంది, బావగారు నాలుగడుగులు వెనక్కి వేశారు, గోడకి ఆనుకున్నారు, ఇంకు మరకల చేతుల్ని కట్టుకున్నారు, అచ్చం ఆవిడే అన్నారు, ఆ మాట నాతో కూడా కాదు, గోడ గడియారంతో అన్నట్టు అన్నారు, తర్వాత గుమ్మంలోంచి అక్కను కేకేసి, ఏమోయ్, ఇటొచ్చి మీ చెల్లెలు చేసింది చూడు అన్నారు, మీ చెల్లెలు అని ఆయన అంత గట్టిగా అనడం నేను పెళ్ళిలో కూడా వినలేదు, నాకు నవ్వొచ్చింది, ఎవరూ అడక్కుండానే వచ్చింది.

మధ్యాహ్నానికల్లా ఇరవై ఆరూ ఆరిపోయి దొంతరగా ఉన్నాయి, టీచరు లోపలికొస్తూనే పై చొక్కా తీసి చాచిన చేతుల దూరంలో పట్టుకుంది, ముక్కు దగ్గరికి తెచ్చుకుంది, ఓసి, దగ్గరికొస్తే నేనేమైపోయానే, అన్నీ చుక్కలేనా అంది, మళ్ళీ దూరం జరిపింది, మళ్ళీ దగ్గరికి, పిల్లలు ఆడుకున్నట్టు, బ్యాంకావిడ కళ్ళు తుడుచుకుంటోంది, టీచరు వేలితో గడ్డం కింద తాకి ఈ నీళ్ళచుక్కని ఎలా ఆపావమ్మా అని అడిగింది, చెప్పడం మొదలుపెట్టాను, రెండు మాటల్లో చెబుదామనే, కానీ నీళ్ళచుక్క చెప్పాలంటే వెలుగు చెప్పాలి, వెలుగు చెప్పాలంటే ఇంకు పాకడం చెప్పాలి, గళ్ళ చొక్కా తెచ్చి పరిచాను, ఇక్కడ చూడండి ఈ గడి, ఇక్కడికి రాగానే చుక్కలు చేతులు కలిపేస్తాయి, అందుకని నీళ్ళచుక్క చుట్టూ ఇంతకన్నా దాటనివ్వలేదు, లోపలి మెరుపు ఒక్కటే నిండు తెలుపు, మాట తడబడలేదు, మధ్యలో బావగారి వంక చూసి సరేనా అన్నట్టు ఆగలేదు, చూసేసరికి ఆయనే తల వంచి వింటున్నారు, ఆ అంకెలు అక్కడ గోడ మీద రాసిపెట్టమ్మా, నేనూ చూసుకుంటూ ఉంటాను అన్నారు.

టీచరు చొక్కాను తన ఒంటి మీద కొలుచుకుంటూ నీకు ఈత వచ్చా అంది, రాదండీ అన్నాను, నేర్పిస్తాను, సోమవారం పొద్దున రా, ఆదివారం ఎలా పోయినా సోమవారం నేను కొలను దగ్గరే ఉంటాను, వస్తానన్నాను, వాళ్ళు చొక్కాల మూటలు చెరొకటీ పట్టుకుని వెళ్ళిపోయారు, నేను గోడ దగ్గర స్టూలెక్కి పెన్సిలుతో రాస్తున్నాను, నలభై అయిదు, ఇరవై రెండున్నర, అయిదు, ఎనభై అయిదు, రాస్తుంటే తట్టింది, ఇందాక రాదండీ అన్నప్పుడు నా తల వంగలేదు, ఇన్నేళ్ళూ ఆ మాటంటే చాలు నేల చూపులు చూసేదాన్ని, ముఖాల పని వచ్చా అంటే రాదు, నీడలు వేయడం వచ్చా అంటే రాదు, ఇవాళ ఈత రాదని పేరు చెప్పినంత తేలిగ్గా చెప్పేశాను, ఎందుకంటే రానివి ఎన్నయినా ఉండనీ, చేతిలో పెన్సిలుంది, గోడ మీద నా లెక్కలున్నాయి, ఇది నాకు వచ్చు, ఈ పని నాకు వచ్చు.