మూడో పీపా

కానిస్‌కి వాసన తెలియడం ఆగిపోయి ఆ రోజుకి తొమ్మిది రోజులు. ఐర్లండ్‌లోని కిల్కెన్నీ ఊళ్లో ముప్పై ఏళ్లుగా వైన్ షాపు నడుపుతున్న మనిషి. కోవిడ్ జ్వరం రెండ్రోజుల్లో దిగిపోయింది గానీ, పోతూ పోతూ ముక్కుని వెంట తీసుకుపోయింది. ఏటా నవంబర్లో ఫ్రాన్స్‌లోని బర్గండీ వెళ్లి, నేలమాళిగలో పీపాల్లోంచి తీసిన లేత ఎర్ర వైన్ రుచి చూసి, ఒక పీపా తన షాపు కోసం చెప్పి రావడం ఆయన అలవాటు. ఈసారి ప్రయాణాలు బంద్. అక్కడ ద్రాక్ష పండించే ఒడిల్ అనే పెద్దావిడ మూడు పీపాల్లోంచి మూడు చిన్న సీసాలు నింపి కొరియర్లో పంపింది. అవి ఎక్కువ నిలవుండవు. మధ్యాహ్నం పన్నెండుకల్లా ఏ పీపా కావాలో చెప్పేయాలి.

"నువ్వే చూసి చెప్పు. యు విల్ బి గ్రాండ్, నీకేం ఫర్లేదు," అన్నాడు కానిస్ ఫోన్లో.

"నేనా?" అంది షాపులో ఏడాదిగా పనిచేస్తున్న ఉజ్వల. ఎదుటివాళ్ల మొహం చూస్తే తప్ప తనకేది ఇష్టమో తనకే తెలియదు. హోటల్లో పక్కవాళ్లు దోసె అంటే తనకీ దోసే. షాపులో కానిస్ కనుబొమ్మ పైకి లేస్తే ఆ వైన్ బాగున్నట్టు. ఇప్పుడా కనుబొమ్మ రెండు వీధుల అవతల, తలుపు మూసిన గదిలో ఉంది.

షాపులో మాస్క్ తీయకూడదు కాబట్టి సీసాలు ఇంటికి తెచ్చుకుంది. ఒకటో నంబరు పుల్లగా, బుద్ధిగా ఉంది. రెండోది నీళ్లు. మూడోది మూతి ముడుచుకుని కూర్చుంది, కాలిన అగ్గిపుల్ల వాసన. కానిస్ పాత నోట్‌బుక్ తెరిచి చూసింది. ఐదేళ్లుగా ఆయన తీసుకున్నది ఒకటో పీపానే. కాగితం మీద 'ఒకటి' అని రాసేసింది. హాయిగా అనిపించింది, ఆ వెంటనే సిగ్గుగానూ అనిపించింది.

అప్పుడే హాస్పిటల్ డ్యూటీ ముగించుకుని, అదే ఇంట్లో ఉండే డాక్టర్ నిఖిల వచ్చింది.

"ఏందే, పొద్దుగాల్నే షురూ చేసినవా?"

"పని అక్కా ఇది. తాగట్లేదు, ఉమ్మేస్తున్నా."

"ఉమ్మేసుడు గూడ ఉద్యోగమేనా! తెలిస్తే ఎంబీబీఎస్ చదవకపోదును గదా."

"నువ్వూ ఒక గుక్క చూడు," అంటూ ఇంట్లో ఉన్న ఒక్క వైన్ గ్లాసూ ముందుకు జరిపింది ఉజ్వల.

"నీ ఎంగిలి గ్లాసా? ఒకరిది ఒకరు ముట్టొద్దని రాత్రంత వార్డుల మొత్తుకొని వచ్చిన."

నిఖిల మూడో సీసా అందుకుని, తల వెనక్కి వాల్చి, జానెడు ఎత్తునుంచి మంచినీళ్లలా నోట్లో పోసుకుంది.

"అయ్యో, అలా కాదక్కా!"

"మస్తుంది గదనే. నేరేడు పండ్లు తిన్నట్టుంది."

"అగ్గిపుల్ల వాసన రాలేదా?"

"ఏం అగ్గిపుల్ల?"

ఉజ్వల కూడా సీసా పైకెత్తి పోసుకుంది. సగం గడ్డం మీదికి కారింది. సన్నటి ధారకి దారిలో గాలి తగిలి, ముడుచుకున్న వైన్ విచ్చుకుంది. తల వెనక్కి వాలి ఉంది, ఎదురుగా సీలింగ్ తప్ప ఏ మొహమూ లేదు. బాగుంది అనుకుంది. అనుకున్నది తనేనని ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. న్యాయం కోసం మిగతా రెండూ అలాగే పోసుకుని చూసింది. అవి ఏమీ మారలేదు.

కాగితం మీది 'ఒకటి' కొట్టేసి కానిస్‌కి ఫోన్ చేసింది.

"మూడు."

"నేనెప్పుడూ ఒకటే తీసుకుంటాను," అన్నాడు కానిస్.

"నోట్‌బుక్‌లో చూశాను."

"అయినా మూడా?"

"అయినా మూడే."

ఎలా రుచి చూశావని అడిగాడు. చెప్పింది. దగ్గొచ్చేదాకా నవ్వాడు. "సరే, ఆ మాట ఒడిల్‌కి నువ్వే చెప్పు. నేను చెబితే నా ఎంపిక అయిపోతుంది."

వీడియో కాల్‌లో ఒడిల్ పీపాల మధ్య నిలబడి ఉంది. "కానిస్ ఏమన్నాడు?"

"ఆయనకి వాసన తెలియట్లేదు మదాం. మూడు కావాలంటున్నది నేను. ముందు నచ్చలేదు. గాలి తగిలాక నచ్చింది."

ఒడిల్ జేబులోంచి సుద్దముక్క తీసింది. "పీపా మీద ఎవరి పేరు రాయను?"

"కానిస్ పేరు. షాపు ఆయనదే కదా," అంది ఉజ్వల. ఊపిరి పీల్చుకుని, "కింద నాది కూడా," అంది.