నాగావళి పెళ్ళిలో నా ఫోను

మా మిషన్ స్కూలు వార్షికోత్సవానికి పాటల నాటకం వేయించాలని హెడ్‌మిస్ట్రెస్ పద్మకుమారిగారు పట్టుబట్టారు. పేరు 'నాగావళి పెళ్ళి'. నది పెళ్ళికూతురు, సముద్రుడు పెళ్ళికొడుకు. కుట్టుపని టీచర్నైన నాకు తెర వెనక పెత్తనం అప్పజెప్పారు. పెత్తనమంటే పెద్దదేమీ కాదు. అలల కోసం నీలం గుడ్డలు కుట్టాలి, పిల్లలకు పిన్నులు పెట్టాలి, పాటలు మోగించాలి. స్కూలు లాప్‌టాప్ చేతులెత్తేయడంతో పాటల ట్రాకులన్నీ నా ఫోన్లోకి వచ్చి పడ్డాయి.

రిహార్సల్లో ఆ ఫోనే నా పరువు తీసింది. మైక్‌సెట్టు వైరు దానికి తగిలించి పాట నడిపిస్తుంటే మా ఆయన రాబర్ట్ ఫోన్ చేశాడు. ఆయన సాలూరు లారీ డ్రైవరు. తను చేస్తే నాకు తెలియాలని తన లారీ హారన్నే రికార్డు చేసి నా ఫోన్లో పెట్టాడు. అదో సరసం. ఆ హారన్ బాక్సుల్లోంచి బయటికొచ్చేసరికి అలల వేషం వేసే పిల్లలు గుడ్డలు వదిలేసి పరిగెత్తారు. పద్మకుమారిగారు అందరి ముందూ నన్ను కడిగేశారు. నేను ఇంటికెళ్ళి ఆయన్ని కడిగేశాను.

"నాటకం రోజు నేను సేసేదాకా నువ్వు సేసినావో, సూసుకో మరి!"

పెళ్ళయిన నాటినుంచీ ఆ మనిషి నా మాట ఒక్కటి వినలేదు. ఇది మాత్రం విన్నాడు.

నాటకం మొదలయ్యే ముందు మైక్‌సెట్టు ధనరాజ్ వైర్లు సర్దుతూ, "అక్కా, సాలూరు ఘాటీలో లారీ లోయలోకి పోనాదంట. మనూరి బండేనంట," అన్నాడు.

"ఎవురిదిరా?"

"తెల్దక్కా. సిమెంటు లోడంట."

రాయ్‌పూర్ నుంచి సిమెంటు వేసుకుని రాబర్ట్ ఆ ఘాటీ దిగాల్సింది ఆ సాయంత్రమే.

ఫోన్ చేశాను. కవరేజీలో లేడని చెప్పింది ఆ యంత్రం గొంతు. మళ్ళీ చేశాను. అదే మాట. ఘాటీలో సిగ్నలుండదని నాకు తెలుసు. తెలిస్తే మాత్రం ఆగుతుందా మనసు? ఇంతలో గంట కొట్టారు. పద్మకుమారిగారు తల లోపలికి పెట్టి, "లీలారాణీ, ఫ్లైట్ మోడ్!" అని గుర్తుచేసి వెళ్ళిపోయారు. పెట్టేశాను.

ఇంకొకరి ఫోన్ అడుగుదామంటే ధనరాజ్‌ది బటన్ల ఫోను, అందులో పాటలు పట్టవు. హాల్లో తల్లిదండ్రులందరూ ఫోన్లు పైకెత్తి పిల్లల్ని వీడియో తీస్తున్నారు. అయినా రాబర్ట్ గురించి ఎవరేం చెప్పాలన్నా నా నంబరుకే చెబుతారు. ఆ నంబరు నోరు నేనే నొక్కేశాను.

ఒక్కో పాటా నొక్కుతూ లోపల ప్రార్థన చేసుకున్నాను. ప్రభువా, ఆ బండి ఇంకెవరిదైనా కానీ. అదొక్కటే ప్రార్థన, మళ్ళీ మళ్ళీ.

నాగావళి వేషం వేసిన యమున పెళ్ళిచీర మార్చుకోవడానికి పక్కతెర వెనక్కి వచ్చింది. కుచ్చిళ్ళకు పిన్ను పెడుతుంటే దాని నడుముకు గుచ్చేశాను.

"టీచర్! సేతులు వణికిపోతన్నాయేటి?"

"సలి."

"ఇంత ఉక్కపోతలో సలేటి టీచర్?"

"నోర్మూసుకుని తిన్నగా నిలబడు."

పాపం, అది నోరు మూసుకుంది. పోతూ పోతూ నా వైపు ఒకసారి తిరిగి చూసింది.

తర్వాత పెళ్ళిమాటల సన్నివేశం. అందులో పాటల్లేవు, అన్నీ మాటలే. నా వేలు ఫ్లైట్ మోడ్ మీదకు పోయింది.

"అక్కా, ఒద్దు," అన్నాడు ధనరాజ్.

తీసేశాను. సిగ్నలు గీతలు ఒక్కొక్కటే పైకి లేచాయి. ఒక మెసేజీ వచ్చింది. తెరిస్తే, రీచార్జి ఆఫరు. ఆ కంపెనీవాడిని నోటికొచ్చిన తిట్లు తిట్టుకుంటుండగా స్టేజీ మీద యమున కంగారులో సగం మాటలు మింగేసి, పాట కోసం చేతులు చాచేసింది. గబుక్కున ఆఖరి ట్రాకు నొక్కాను. ఫ్లైట్ మోడ్ మళ్ళీ పెట్టడం మరిచేపోయాను.

నీలం గుడ్డలు ఎగిశాయి. యమున గొంతెత్తింది. చరణంలోకి వచ్చిందో లేదో, సంగీతం తెగిపోయి హాలంతా లారీ హారన్.

ధనరాజ్ వైరు మీద చెయ్యి వేశాడు. నేను వాడి చెయ్యి పట్టుకుని ఆపాను. హారన్ మోగిందంటే ఆ ఫోను రాబర్ట్‌దే. కానీ అది ఎవరి చేతిలో ఉంది? పోలీసులైనా ఆయన ఫోన్లోంచి ఇలాగే చేస్తారు కదా. పచ్చబటన్ నొక్కాను.

"ఎవురు?"

బాక్సుల్లో గాలి హోరు వినిపించింది.

"ఎవురేటే? నేనే. సెయ్యొద్దన్నావు గానీ, సేసేసినాను."

ఏడుపు తన్నుకొచ్చింది. హాలంతా విన్నది, విననీ.

"పడిపోనాది నా బండి కాదే లీలా. నా ముందు బండి. ఆ కుర్రోణ్ణి పైకి లాగి నూటెనిమిదిలో ఎక్కించినాం. బతికే ఉన్నాడు. ఆడి ఫోను నా సేతిలో ఉండిపోనాది. సిగ్నలున్న సోటికొచ్చినప్పట్నుంచీ అదేమో ఆపకుండా మోగతన్నాది. ఇంటికాడి నుంచే. ఏటి సెప్పాలో తెలీక నీకు సేసినాను."

అప్పుడు విన్నాను. ఆయన మాటల వెనక సన్నగా ఇంకో ఫోను మోగుతోంది. పిల్లలు, తల్లిదండ్రులు, ముందు వరసలో పద్మకుమారిగారు, అందరూ ఆ మోతే వింటున్నారు. ఇంతసేపూ నేను ప్రార్థనలో అడిగిన 'ఇంకెవరో' ఆ కుర్రాడి ఇంటి నుంచి చేస్తున్న ఆవిడే. ఎక్కడో నిలబడి, నాలాగే, మళ్ళీ మళ్ళీ చేస్తోంది.

"ఎత్తు!" అని అరిచాను. "ఎత్తి బతికున్నాడని సెప్పు ముందు. మిగతాది తరవాత. ఎత్తవయ్యా!"

"ఎత్తతన్నాను," అన్నాడు. ఫోను కట్టయింది.

పద్మకుమారిగారు లేచి నిలబడ్డారు. నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. ఆవిడ స్టేజీ వైపు చూసి, "పాడండమ్మా," అన్నారు మెల్లిగా.

సంగీతం లేకుండానే యమున అందుకుంది. అలల పిల్లలు గొంతు కలిపారు. ధనరాజ్ మళ్ళీ ట్రాకు పెట్టమని సైగ చేశాడు. నేను వైరు పీకి వాడి చేతిలో పెట్టాను.

ఫోన్ని రెండు చేతులతో పట్టుకుని కుట్టుపెట్టె మీద కూర్చున్నాను. ఆవిడతో ఏం మాట్లాడాడో చెప్పడానికి రాబర్ట్ మళ్ళీ చేస్తాడు. హారన్ మోగుతుంది. మోగనీ.